ఒక చుక్క నీలం

మా ఆయన కంటికి తిరుగులేదన్న మాట ముప్పై రెండేళ్ళుగా వింటున్నాను. అందులో సగానికి పైగా ఆయన నోటి నుంచే విన్నాను.

ఆయన కార్లకు రంగులు వేసే మేస్త్రి. ఎండకు వెలిసిన బండి తెచ్చి ముందు నిలబెడితే, తలుపు సందులో అతికించి ఉండే రంగు నంబరు వైపు కన్నెత్తి కూడా చూడరు. "ఆ నంబరు చెప్పేది బండి పుట్టిన రోజు రంగు. నాక్కావలసింది ఈ రోజు రంగు" అంటారు. పెట్రోలు మూత ఊడదీయించి పక్కన పెట్టుకుని, చిన్న గిన్నెలో చుక్కా చుక్కా కలుపుతూ కూర్చుంటారు. అట్టముక్క మీద ఒక గీత గీసి, ఆరబెట్టి, మూత పక్కన పెట్టి, తల వంచి చూస్తారు. ఆ సమయంలో ఇల్లు తగలబడుతోందని చెప్పినా "ఉండు" అంటారు.

నేను బట్టలు కుడతాను. గుడ్డకు సరిపోయే దారం ఎంచడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. లైటు కింద ఒకేలా ఉన్న రెండు తెల్ల దారాలు గుమ్మంలోకి తెస్తే ఒకటి వెన్నలా, ఇంకొకటి సున్నంలా తేలతాయి. అందుకే దారం ఎంచాలంటే గుమ్మంలోకి రావాల్సిందే. అలాంటి నన్ను ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారైనా "ఈ రంగు కుదిరిందా చూడు" అని అడిగిన పాపాన పోలేదు. "దారం వేరు, రంగు వేరు" అనేవారు. నేనూ పట్టించుకోలేదు. నా కుట్టుమిషనేదో నాది, ఆయన గిన్నేదో ఆయనది.

ఏడాది కిందట ఆయన షెడ్డు ఉన్న స్థలాన్ని యజమాని అమ్మేశాడు. కంప్రెసర్, రంగు కొట్టే గన్ను, పెద్ద దీపాలు అన్నీ ఎవరెవరికో ఇచ్చేసి ఇంటికొచ్చారు. ఐదు వారాలు వెనక వరండాలో గోడకేసి చూస్తూ కూర్చున్నారు. తినమంటే తినేవారు, లేవమంటే లేచేవారు. ముక్కు మీద కోపం ఉండే మనిషి కోప్పడటం మానేస్తే ఎంత భయమేస్తుందో నాకు అప్పుడు తెలిసింది. తిడతారేమోనని ఒకరోజు కావాలనే కూరలో ఉప్పు వేయకుండా వడ్డించాను. మాట్లాడకుండా తినేశారు. గిన్నెలు కడుగుతూ ఏడ్చాను.

ఆయన్ని మళ్ళీ మనిషిని చేసింది ఒక స్ప్రే డబ్బా. రంగుల షాపతను తెచ్చి చేతిలో పెట్టాడు.

"డబ్బా రంగులు పిల్లలాటలయ్యా. పెట్రోలు చుక్క పడితే కరిగిపోతాయి" అని ఈయన ముఖం చిట్లించారు.

"ఇది అలాంటిది కాదు మేస్త్రీగారూ. అడుగున చూడండి" అన్నాడతను.

డబ్బా లోపల అడుగున ఇంకో బుల్లి డబ్బా ఉంటుందట. దాన్నిండా రంగును గట్టిపరిచే హార్డెనర్. మూతలో ఉన్న ఎర్ర బొత్తాం తీసి, డబ్బా తిరగేసి, అడుగున ఉన్న సూది మీద పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కితే ఆ బుల్లి డబ్బాకు చిల్లుపడి హార్డెనర్ రంగులో కలుస్తుంది. రెండు నిమిషాలు బాగా ఊపాలి. అప్పుడు కొడితే షెడ్డులో గన్నుతో కొట్టినంత గట్టిగా, మెరుపుగా వస్తుంది. కాకపోతే నొక్కాక వెనక్కి తీసుకోవడం కుదరదు. రెండు రోజుల్లో వాడకపోతే లోపలే రాయైపోతుంది. అదీగాక దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు గుడ్డ కడితే చాలదు, రెండు పక్కలా గుండ్రటి ఫిల్టర్లున్న మాస్కే ఉండాలి.

ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశారు. దాని మీద రాసిందంతా చదివారు. తర్వాత నన్ను పిలిచి, "వెనక వరండా ఎవరు ఊడ్చారు? ఇంత దుమ్ములో రంగు కొడతారా ఎవరైనా?" అని గట్టిగా కసిరారు. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పట్నుంచీ చిన్న చిన్న పనులు రావడం మొదలైంది. అద్దం వెనక తొడుగు, బంపర్ మూల, స్కూటరు మడ్‌గార్డు, అలాంటివి. వరండా చుట్టూ ప్లాస్టిక్ పరదాలు కట్టారు. కొట్టే ముందు దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లుతారు. మాస్కు పెట్టుకుని, "లోపలికెళ్ళి తలుపేసుకో" అని కేకేస్తారు. ముందు రంగు, అది ఆరాక పైన మెరిసే క్లియర్. క్లియర్ మాత్రమే ఆ రెండు పాళ్ళ డబ్బా. రంగు ఈయన గిన్నెలో కలిపింది. దాన్ని షాపులో ఉన్న మిషనుతో ఖాళీ డబ్బాలోకి ఎక్కిస్తారు. నేను దారాలు కొనే కొట్టు ఆ షాపు పక్కనే కాబట్టి, మూతేసిన గిన్నె, పెట్రోలు మూత, గీత గీసిన అట్టముక్క సంచిలో పెట్టుకుని నేనే తీసుకెళ్ళేదాన్ని.

అక్కడే మొదలైంది నా దొంగతనం.

ఎనిమిది నెలల కిందట లేత నీలం స్కూటరు మడ్‌గార్డుకు రంగు కలిపిచ్చారు. షాపు గుమ్మంలో నిలబడి, వంతు కోసం ఎదురుచూస్తూ, ఊరికే అట్టముక్కనూ అసలు రంగునూ పక్కపక్కన పెట్టి చూశాను. ఈయన గీసిన గీత పచ్చబడ్డట్టుంది. కొద్దిగా కాదు, దారం అయితే నేను విసిరికొట్టేంత తేడా. ఈయన చూసుకోకుండా పంపే మనిషి కాదు. అంటే చూసుకున్నారు, కుదిరిందనే అనుకున్నారు.

అప్పటికి ఆయన గోడకేసి చూడటం మానేసి రెండు నెలలే అయింది. ఇంటికెళ్ళి "మీ కంటికి రంగు తెలియట్లేదు" అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. "తమ్ముడూ, ఇందులో ఒక చుక్క నీలం వెయ్యవా" అన్నాను. షాపతను నన్ను చూశాడు, అట్ట చూశాడు, ఏమీ అడగకుండా వేశాడు. అట్ట మీద ఆయన గీత పక్కన ఇంకో గీత గీశాను. సరిపోయింది.

స్కూటరాయన వచ్చి, "అతుకెక్కడుందో తెలియట్లేదు" అని మెచ్చుకుంటే ఈయన మీసం తిప్పి నా వైపు చూశారు. నేను నవ్వాను. ఆ తర్వాత ప్రతి పనికీ అంతే. ఒకసారి ఒక చుక్క, ఒకసారి రెండు. పదకొండు పనులు. పదకొండు అట్టముక్కలూ నా దారాల డబ్బాలో అడుగున దాచాను. ఎందుకు దాచానంటే ఏం చెప్పను? తప్పు చేస్తున్నానని తెలుసు, పారేయడానికి చెయ్యి రాలేదు.

ఇలా ఉండగా మా ఆడపడుచు కూతురు తెల్ల కారుతో దిగింది. తొమ్మిదేళ్ళు ఇంకొకరి దగ్గర డ్రైవింగ్ నేర్పి, ఇప్పుడు సొంతంగా స్కూలు పెట్టుకోబోతోంది. కారు పాతది. ముందు బంపర్ ఎడమ మూల సొట్టపోయి, రంగు లేచిపోయింది.

"మావయ్యా, ఇంకో మూడు రోజుల్లో నలుగురు నేర్చుకోవడానికి వస్తున్నారు. టీచరమ్మ కారుకే సొట్టుంటే ఇక నా దగ్గర ఎవరు చేరతారు? నేను గుద్దలేదు మొర్రో, ముందున్న ఓనరు గుద్దాడని బోర్డు కట్టుకు తిరగనా?" అంది.

"వచ్చినవాళ్ళు ఆ మూలను వేలితో తడిమి చూసినా తెలియకూడదు. సరేనా?" అన్నారీయన.

బంపర్ ఊడదీసి, సొట్ట తీసి, నున్నగా రుద్ది, రెండు స్టూళ్ళ మీద పెట్టారు. ఆ రోజే నాకు జ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటే, గిన్నెలో పుల్ల తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. తెలుపు. రంగులన్నిట్లో కష్టమైంది అదేనని ఆయనే వందసార్లు చెప్పారు. లేవబోయాను, కళ్ళు తిరిగాయి.

"నువ్వు పడుకో. నేను వెళ్ళొస్తా. షాపు నాకు తెలియందా?" అని సంచి తీసుకుని వెళ్ళిపోయారు.

మర్నాటి మధ్యాహ్నానికి జ్వరం కాస్త తగ్గి, వరండా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాను. బంపర్ మూలకు రంగు పడిపోయింది, ఆరిపోయింది. మేనకోడలు పెట్రోలు మూత చేత్తో పట్టుకుని, దాన్ని బంపర్ మీద ఆనించి చూస్తోంది. నేను అంత దూరం నుంచే చూశాను. మూత సున్నం తెలుపు. బంపర్ వెన్న తెలుపు.

"మావయ్యా, ఇది... కొంచెం వేరేగా లేదూ?"

"క్లియర్ పడలేదు కదే. రంగు మొద్దుగానే ఉంటుంది. క్లియర్ పడితే కలిసిపోతుంది."

"మెరుపు గురించి కాదు మావయ్యా. రంగే. వెన్న రాసినట్టుంది."

ఆయన మొహం ఎర్రబడింది. "ముప్పై రెండేళ్ళ నుంచీ ఈ పని చేస్తున్నా. నిన్న కాక మొన్న పుట్టిన పిల్లవి, నువ్వు చెబుతావా నాకు తెలుపంటే ఏంటో!" అంటూ క్లియర్ డబ్బా అందుకుని, మూతలోంచి ఎర్ర బొత్తాం పీకి, డబ్బా తిరగేసి, సూది మీద పెట్టి, అరచేత్తో ఒక్క గుద్దు గుద్దారు. లోపల టప్ మంది.

మేనకోడలి మాటకు ఆయన చెప్పిన జవాబు అది. షాపులో ఉన్న చివరి డబ్బా. మళ్ళీ సరుకు వచ్చేది వచ్చే వారం.

ఊపడం మొదలుపెట్టారు. లోపల ఉన్న గోళీ టకటకా కొట్టుకుంటోంది. రెండు నిమిషాలు ఊపాలి. ఆ రెండు నిమిషాల తర్వాత మాస్కు, ఆ తర్వాత క్లియర్. అది ఒకసారి పడి గట్టిపడిందంటే, కింద ఉన్న తప్పు రంగు అద్దంలో బొమ్మలా ఉండిపోతుంది. మళ్ళీ మొత్తం రుద్ది తీయాలి, ఎల్లుండికి అయ్యే పని కాదు. ఆ పిల్ల మొదటి రోజే అతుకుల బంపర్‌తో నిలబడుతుంది. ఈయన్ని నలుగురూ "మేస్త్రికి చూపు పోయింది" అంటారు. అప్పుడు ఆయన తిరిగి వెళ్ళేది గోడ దగ్గరికే.

చెబితే? చెప్పినా గోడ దగ్గరికే వెళితే?

ఒక నిమిషం అయిపోయింది. జ్వరం వల్ల లేవలేదని చెప్పుకోను, భయం.

ఆయన ఎడమచేత్తో మాస్కు తీసి నుదుటి మీదకి తగిలించుకున్నారు. "ఇద్దరూ లోపలికి పోండి. తలుపెయ్యండి" అన్నారు.

"కొట్టకండి" అన్నాను.

"ఏంటి?"

"కొట్టకండి. రంగు కుదరలేదు. ఇదే కాదు, ముందు పదకొండూ కుదరలేదు. నేను షాపులో ప్రతిసారీ నీలం చుక్క వేయించాను. నిన్న జ్వరం వచ్చి వెళ్ళలేకపోయాను."

ఆగితే మళ్ళీ చెప్పలేనని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గోళీ చప్పుడు ఆగిపోయింది. ఆయన నా వైపు తిరిగారు. మాస్కు నుదుటి మీద అలాగే ఉంది. వేరే రోజైతే ఆ వేషానికి నవ్వేదాన్ని.

"పదకొండా?"

"పదకొండు."

"స్కూటరాయన మెచ్చుకుంది..."

"అదే మొదటిది."

"నేను మీసం తిప్పుతుంటే నవ్వావు" అన్నారు మెల్లగా. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట మాత్రం ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.

నేను లేచి, గోడ పట్టుకుని నడిచి దారాల డబ్బా తెచ్చాను. అందులోంచి నాలుగు ఉండలు తీసి ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. రెండు వెన్న తెలుపు, రెండు సున్నం తెలుపు.

"జతలు పెట్టండి."

"నాతో ఆటలాడుతున్నావా?"

"పెట్టండి."

ఆయన వాటిని గుమ్మంలోకి పట్టుకెళ్ళారు. ఎత్తి చూశారు, దించి చూశారు. ఒక కన్ను మూసుకుని చూశారు, రెండోది మూసుకుని చూశారు. చాలాసేపటికి రెండు జతలు చేసి స్టూలు మీద పెట్టారు. రెండూ తప్పే. మా మొహాలు చూసి ఆయనకే అర్థమైపోయింది. స్టూలు పక్కన నేల మీద అలాగే కూలబడ్డారు.

"నాకు నాలుగూ ఒకటే" అన్నారు.

నేనూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. చల్లిన నీళ్ళకి నేల తడిగా ఉంది. చీవాట్లు పెడతారని ఎదురుచూశాను.

"ఎనిమిది నెలలు! ఎనిమిది నెలల కిందటే చెబితే, కళ్ళ డాక్టరు దగ్గరికైనా పోయేవాణ్ణి కదే" అన్నారు చివరికి.

ఆ మాట నా చెంప ఛెళ్ళుమనిపించింది. నేను ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆయన కన్నే పాడవుతోందని, దానికి మందుండొచ్చని నా మట్టిబుర్రకు తట్టనేలేదు. వయసైపోయింది, రంగు తెలియట్లేదు, ఇంతే కాబోలు అనుకున్నాను. అప్పుడు ఏడ్చాను. దాచుకోలేదు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

మమ్మల్నిద్దర్నీ అలా వదిలేస్తే సాయంత్రం దాకా ఆ తడి నేల మీదే ఉండేవాళ్ళం. మేనకోడలు క్లియర్ డబ్బా తీసి చెవి దగ్గర ఊపి చూసింది.

"మావయ్యా, దీనికి రెండు రోజులు టైముందన్నావు కదూ?"

"ఊఁ."

"రేపు పొద్దున్నకి ఇంకా బతికే ఉంటుంది కదా?"

"ఉంటుంది."

"అయితే రేపు పొద్దున్నే రంగు మళ్ళీ కలుపు. అత్త చూస్తుంది, నువ్వు కలుపు. నా బంపర్ అయ్యాక, మా స్కూలు కారులో నువ్వు మొదట వెళ్ళేది కళ్ళాసుపత్రికే. కాదూ కూడదన్నావో, గుద్దింది మా మావయ్యేనని బోర్డు కట్టుకు తిరుగుతా."

ఆయన నవ్వలేదు. కానీ లేచారు.

ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు. తెల్లారాక కాఫీ గ్లాసు కింద పెట్టి, నా వైపు చూడకుండానే, "గిన్నె తెచ్చా. గుమ్మంలోకి రా" అన్నారు.

ముప్పై రెండేళ్ళకు అందిన పిలుపు. నా జ్వరం ఎటు పోయిందో పోయింది.

గుమ్మంలో ఎదురెదురుగా కూర్చున్నాం. మధ్యలో పెట్రోలు మూత. నేను అలవాటు కొద్దీ, "నీలం వెయ్యండి" అన్నాను. ఒక చుక్క వేసి, తిప్పి, అట్ట మీద గీసి ఆరబెట్టారు.

"పసుపు పోయింది. కానీ ఏదో తేడాగా ఉంది" అన్నాను.

"ఏ తేడా?"

"తెలియట్లేదు."

ఆయన తల వంచి చూశారు. "లేతగా ఉంది. ఎండకి మాగిన బండి ఇది, ఇంత తెల్లగా ఉండదు. నలుపు వెయ్యాలి. పుల్ల మొనతో, అంతే." వేశారు. "నీలం ఒక్కటే పోసుకుంటూ పోతే తెలుపు చల్లబడిపోతుంది. ఇన్నాళ్ళూ నువ్వు చేసింది అదేనా?"

"అదే" అన్నాను, తల దించుకుని.

"ఖర్మ" అన్నారు. ఆ విసుగు వినగానే నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ముదురా లేతా అన్నది ఆయన చూశారు. పసుపా నీలమా అన్నది నేను చూశాను. "ఇంకా", "చాలు", "అయ్యో ఎక్కువైంది", "నీ తొందర తగలెయ్య" అనుకుంటూ తొమ్మిది గీతలు గీశాం. తొమ్మిదో గీతను మూత పక్కన పెడితే నాకు అంచు కనిపించలేదు. ఆయన నా మొహం చూస్తున్నారు. అట్టను కాదు, నా మొహాన్ని.

"కుదిరిందా?"

"కుదిరింది."

"ఒట్టు?"

"ఒట్టు. ఇంక జన్మలో మీకు రంగు విషయంలో అబద్ధం చెప్పను."

"రంగు విషయంలోనేనా?" అని గిన్నె నా చేతికిచ్చారు.

మేమిద్దరం కలిసి రావడం చూసి షాపతను తెల్లబోయాడు. ఈయన అతని వైపు గుర్రుగా చూసి, "నీలం చుక్కలు దానం చేస్తున్నావటగా?" అన్నారు. పాపం, అతను మిషను వెనక్కి తప్పుకున్నాడు.

పాత రంగును సన్నగా రుద్ది, జిగురు గుడ్డతో దుమ్ము తుడిచి, కొత్త రంగు మూడు పల్చటి పూతలు వేశారు. ఆరనిచ్చారు. నేల మీద నీళ్ళు చల్లారు. క్లియర్ డబ్బా ఇంకా బతికే ఉంది. మళ్ళీ రెండు నిమిషాలు ఊపి, పాత ఇనపరేకు మీద ఒకసారి కొట్టి చూసుకుని, మాస్కు బిగించుకున్నారు. మేమిద్దరం లోపలికెళ్ళి తలుపేసుకుని, కిటికీ అద్దంలోంచి చూశాం. ఆయన చెయ్యి బంపర్ మీదుగా ఈ చివరి నుంచి ఆ చివరికి, ఒకే ఎత్తులో, ఒకే వేగంతో సాగింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆ చేతికి ఏమీ కాలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పాలనిపించింది, కానీ మాస్కులో ఉన్న మనిషికి ఏం చెబుతాం?

మర్నాడు బంపర్ బిగించాక మేనకోడలు కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది. వేలితో తడిమింది. వంగి చూసింది. "ఏ మూలో మర్చిపోయాను మావయ్యా" అంది. నేర్చుకోవడానికి వచ్చిన నలుగురిలో ఒకావిడ కారును చూసి, "కొత్తదా?" అని అడిగిందట. అబద్ధం చెప్పడం ఇష్టం లేక, "బాగా చూసుకున్న కారు" అని చెప్పిందట మా పిల్ల.

మూడో రోజున అదే కారులో ఆసుపత్రికెళ్ళాం. డాక్టరమ్మ ఆయన కళ్ళలోకి దీపం వేసి చూసి, రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని, కంటి లోపల కటకం పసుపు పచ్చగా మారిపోయిందని చెప్పింది. ఇన్నాళ్ళూ పసుపు అద్దాలు పెట్టుకుని రంగులు కలిపినట్టే లెక్కట. తీసేసి కొత్తది పెడతామంది. భయపడాల్సిందేమీ లేదంది. నేను ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాను. ఆవిడ చేతులు ఎంతకీ వదలకపోతే మా మేనకోడలే విడిపించింది.

మొదట కుడి కంటికి చేశారు. కట్టు విప్పిన రోజు ఆయన కిటికీలోంచి బయటికి చూశారు, గోడలు చూశారు, చివరికి నన్ను చూశారు.

"నీ జుట్టు ఇంత తెల్లబడిందేంటి?"

"ఎప్పుడో తెల్లబడింది. ఇప్పుడు చూశారు."

"సున్నం తెలుపు" అన్నారు, పెద్ద మేస్త్రిలాగా.

ఇంటికొచ్చాక మందులు వేసుకుంటూ, బరువులెత్తకుండా బుద్ధిగా ఉన్నారు. రెండో వారం ఒక ఉదయం నా మిషను దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఆ అట్టముక్కలు ఉన్నాయా?"

ఈ రోజు వస్తుందని నాకు తెలుసు. దారాల డబ్బా అడుగు నుంచి పదకొండూ తీసి ఇచ్చాను. ఒక్కో దాని మీద రెండేసి గీతలు. ఎడమ పక్కది ఆయనది, కుడి పక్కది నాది. ఆయన వాటిని గుమ్మంలోకి పట్టుకెళ్ళి, మెట్టు మీద కూర్చుని, ఒక్కొక్కటే వెలుగుకు తిప్పి చూడటం మొదలుపెట్టారు. నేను మిషను ఆపేశాను. కుట్టు ఎలాగూ వంకర పోతోంది.

మొదటి అట్ట చూసి చాలాసేపు తల ఎత్తలేదు. తన గీత ఎంత తప్పో అప్పుడే మొదటిసారి చూస్తున్నారు. రెండోది, మూడోది. చూసినవాటిని ఒకదాని మీద ఒకటి సర్ది పక్కన పెడుతున్నారు. ఆయన చిన్నబుచ్చుకుంటే ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. నాలుగు, ఐదు, ఆరు.

ఏడో దాని దగ్గర ఆగారు. వెలుగుకు ఎత్తారు. తల పక్కకు వంచారు, ఆ పాత వంపే. దింపారు. మళ్ళీ ఎత్తారు.

"ఏమోయ్, ఇలా రా" అని కేకేశారు.

వెళ్ళాను.

"ఇది ఎవరి బండి?"

"బేకరీ ఆయనది. అద్దం తొడుగు."

"ఇందులో నువ్వు ఒక చుక్క ఎక్కువ వేయించావు."

"లేదే!"

"లేదేంటి? చూడు. నాది పసుపు తిరిగింది, ఒప్పుకున్నా. కానీ నీది నీలం తిరిగింది. కళ్ళు కనబడట్లేదా?"

నేను అట్ట లాక్కుని వెలుగుకు పట్టి చూశాను. నిజమే. ఒక్క చుక్క, దారం అయితే నేనూ పట్టుకునేదాన్ని. ఎనిమిది నెలల దొంగతనంలో నా తప్పు పట్టుకున్నది ఆయనే, అదీ కొత్త కన్నుతో. నాకు నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆయన మాత్రం నన్ను పట్టించుకోకుండా మిగిలిన నాలుగు అట్టలూ చకచకా చూసేశారు, మేస్త్రి పనివాళ్ళ పని చూసినట్టు.

"బేకరీ ఆయనకి ఫోన్ చెయ్యి. తొడుగు తెచ్చి ఇచ్చి వెళ్ళమను, మళ్ళీ వేద్దాం."

"ఆయన బాగుందనే అన్నాడండీ."

"ఆయన బన్నులు చేసుకునేవాడు, ఆయనకేం తెలుసు? పెట్రోలు మూత కూడా తెమ్మను" అన్నారు. అని, మెట్టు మీద కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. "తెచ్చాక నువ్వూ చూడు. నాకు ఇంకో కన్ను బాగవ్వాలి."